మన పేట లెక్క మన దగ్గర ఉందా?

(విజయవాడలో బిల్డర్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడిన తీరులోనే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా అండీ? వినపడకపోతే ముందుకు వచ్చేయండి, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మన మీటింగుల్లో ముందు వరస ఎప్పుడూ నాయకుల కోసం ఖాళీగా ఉంటుంది. ఇవాళ నాయకులెవరూ రావడం లేదు, ధైర్యంగా కూర్చోండి.

మనం ప్రభుత్వానికి ఇచ్చే అర్జీ ఎలా ఉంటుందో ముందు గుర్తు చేసుకుందాం. "రియల్ ఎస్టేట్ రంగం కుదేలైంది. దీని మీద ఆధారపడిన వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. రిజిస్ట్రేషన్ విలువల పెంపు వెంటనే ఉపసంహరించుకోవాలని ప్రార్థన." కింద నలభై సంతకాలు. ఒక శాలువా, ఒక బొకే, ఒక ఫోటో. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో వస్తుంది. పని అవుతుందా? అవదు. ఎందుకవదు?

ఆ అర్జీ తీసుకున్న అధికారి స్థానంలో ఒక్క నిమిషం మీరు కూర్చోండి. రంగం కుదేలైంది అన్నారు. ఏ వార్డులో? ఎప్పటి నుంచి? ఎంత? ఆయన దగ్గర రిజిస్ట్రేషన్ శాఖ పంపిన కాగితం ఉంది. అందులో ఈ ఏడాది ఆదాయం ఇంత పెరిగింది అని ఉంది. మీరు కుదేలైంది అంటున్నారు, కాగితం పెరిగింది అంటోంది. ఆయన దేన్ని నమ్మాలి? మీరైతే దేన్ని నమ్ముతారు?

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నిర్ణయం ఏ స్థాయిలో జరుగుతుందో ఆ స్థాయి లెక్క పట్టుకెళ్ళాలి. అది కూడా వీలైనంత వరకు వాళ్ళ రికార్డుల్లోంచి తీసిన లెక్క అయి ఉండాలి. వాళ్ళ సొంత రికార్డును వాళ్ళు కాదనలేరు.

ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో మనలో చాలామందికి స్పష్టత లేదు, ఏమనుకోకండి. జీఎస్టీ చూడండి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం, అఫర్డబుల్ అయితే 1 శాతం. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇదే. అఫర్డబుల్ అంటే 45 లక్షలు దాటకూడదు, మెట్రోల్లో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి వైశాల్యం, 60 చదరపు మీటర్లు, మిగతా చోట్ల 90 మీటర్లు దాటకూడదు. హైదరాబాదు మెట్రో కింద లెక్క, మనం కాదు. ఆ 45 లక్షలు పెంచమని కలెక్టరు గారికి అర్జీ ఇస్తే ఏం లాభం? ఆయన దాన్ని పైకి పంపుతారు, పైన అది ఏదో ఒక కట్టలో చేరుతుంది. అది జీఎస్టీ కౌన్సిల్ పని. ఇక మన రిజిస్ట్రేషన్ ఖర్చు, స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. ఇది రాష్ట్రం పని. కానీ ఆ ఏడున్నర శాతం ఏ విలువ మీద వేస్తారు? మీ వీధికి గజం ఎంత? అది నిర్ణయించేది 1998 నాటి మార్కెట్ విలువల సవరణ నిబంధనల కింద వేసే కమిటీ. పట్టణాల్లో జాయింట్ కలెక్టర్ అధ్యక్షులు, పల్లెల్లో ఆర్డీవో. సబ్ రిజిస్ట్రార్ కన్వీనరు. కొత్త విలువల ముసాయిదా బయట పెడతారు, అభ్యంతరాలు చెప్పమంటారు.

ఇక్కడ ఒక ప్రశ్న. 2025 ఫిబ్రవరి 1 నుంచి మన రాష్ట్రంలో కొత్త విలువలు వచ్చాయి కదా. దానికి ముందు ముసాయిదా మీద రాతపూర్వకంగా, ఫలానా వార్డు, ఫలానా బ్లాకు, ఫలానా డోర్ నంబర్లు అని రాసి అభ్యంతరం ఇచ్చినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా? అమలైన తర్వాత అర్జీ ఇచ్చినవాళ్ళు మాత్రం బోలెడుమంది ఉన్నారు.

ఇంకోటి గుర్తుందా? 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వచ్చి సింగ్‌నగర్ వైపు మొదటి అంతస్తుల దాకా మునిగింది. ఐదు నెలలకు విలువల సవరణ వచ్చింది. ఆ పేటల్లో అమ్మకాలు ఏమయ్యాయి, అద్దెలు ఏమయ్యాయి, గ్రౌండ్ ఫ్లోరు ఎవరైనా అడుగుతున్నారా అనే లెక్క ఎవరి దగ్గర ఉంది? ప్రభుత్వం దగ్గర లేకపోవచ్చు. కానీ అక్కడ రోజూ తిరిగేది మనం. మన దగ్గరైనా ఉండాలి కదా! రాజధాని గ్రామాలకు ఆ సవరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే కారణం చూపిస్తే ప్రాంతాన్ని బట్టి మినహాయింపు ఇవ్వడం అసాధ్యం కాదన్నమాట.

సరే, అంకెల్లోకి వద్దాం. ముందు మన వాదన నిలబడుతుందో లేదో మనమే చూసుకుందాం. ఒక ఫ్లాటు ఉంది, గవర్నమెంటు వాల్యూ, అంటే ఆ కమిటీ వేసిన విలువ, 40 లక్షలు అనుకుందాం. ఏడున్నర శాతం అంటే 3 లక్షలు. విలువ 10 శాతం పెంచారు, 44 లక్షలు అయింది. ఇప్పుడు ఖర్చు 3 లక్షల 30 వేలు. తేడా ఎంత? 30 వేలు. కొనేవాడికి 30 వేలు ఊరికే రావు, కాదనను. కానీ 30 వేల వల్ల రంగం కూలిపోయింది అంటే ఎవరు నమ్ముతారు? మాడ్యులర్ కిచెన్‌కి మనం చెప్పే రేటులో బేరానికి తగ్గేదే అంత ఉండదూ?

మరి నొప్పి ఎక్కడుంది? నొప్పి ఉంది, కానీ వేరే చోట ఉంది. అసలు ధర కంటే గవర్నమెంటు వాల్యూ ఎక్కువ ఉన్న వీధుల్లో ఉంది. ఫ్లాటు నిజంగా 50 లక్షలకే అమ్ముడవుతోంది. గవర్నమెంటు వాల్యూ 60 లక్షలుంది. రిజిస్ట్రేషన్ 60 మీద కట్టాలి, అంటే 75 వేలు అదనం. అక్కడితో అయిపోలేదు. ఆదాయపు పన్ను వాళ్ళు 10 శాతం తేడా దాకా ఊరుకుంటారు. 50 మీద 10 శాతం అంటే 55. ఇక్కడ 60 ఉంది, దాటిపోయింది. దాటితే మొత్తం తేడా 10 లక్షలూ కొన్నవాడి ఆదాయం కింద లెక్క వేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడైతే 3 లక్షలు పన్ను, పైన సెస్సు. అమ్మినవాడికి క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మకంలో వచ్చిన లాభం కూడా 60కి అమ్మినట్టే లెక్క కడతారు. రాని డబ్బు మీద ఇద్దరూ పన్ను కడుతున్నారు. ఇది అన్యాయమా కాదా? ఇది చెప్పండి జాయింట్ కలెక్టరు గారికి! ఊరంతా పెంపు ఆపండి అంటే వినరు. ఈ పదకొండు వీధుల్లో విలువ అసలు ధరను దాటేసింది, ఇదిగో రుజువు అంటే వినక తప్పదు.

రుజువు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇప్పుడు నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు.

ఆ వీధిలో ధర 50 లక్షలే అనడానికి రుజువేమిటి? దస్తావేజులు. దస్తావేజుల్లో ఏముంది? 60 లక్షలు. అన్నిట్లోనూ 60 లక్షలే. ఎందుకంటే తక్కువ రాస్తే సబ్ రిజిస్ట్రార్ స్టాంపు చట్టం 47-ఏ సెక్షన్ కింద, విలువ తక్కువ చూపారని, పెండింగ్ పెడతారని, ఇన్‌కమ్‌ట్యాక్స్ నోటీసు వస్తుందని డాక్యుమెంట్ రైటరే వాల్యూ ఎంతుందో అంత వేసేస్తాడు. మరి పక్క వీధిలో ధర 90 లక్షలుంది, వాల్యూ 60 ఉంది. అక్కడ దస్తావేజులో ఎంత రాస్తున్నాం? అక్కడా 60. మిగతా 30 ఎలా వస్తుందో ఇక్కడ నేను చెప్పనక్కర్లేదు, మీకే బాగా తెలుసు. అంటే ధర 50 ఉన్నచోట 60 అని రాశాం, 90 ఉన్నచోట 60 అని రాశాం. ఇప్పుడు ఆ రికార్డు పట్టుకుని ప్రభుత్వం ఏమంటుంది? చూడండి బాబూ, మేం పెట్టిన విలువకే అందరూ కొంటున్నారు, మా విలువ సరిగ్గా ఉంది అంటుంది. ఏమని జవాబిస్తారు?

మన డేటా ఎందుకు పనికిరావడం లేదంటే, దాన్ని పాడుచేసింది మనమే. బ్లాకు వైటు గురించి నీతి చెప్పడానికి రాలేదు నేను. కానీ విలువలు పెరిగినప్పుడు గోల పెట్టే మనమే, అసలు ధర రాసే రోజున రాయడం లేదు. ఈ రెండూ ఒకేసారి కుదరవు. నిజం రాసిన దస్తావేజులు ఎంత ఎక్కువుంటే మన వాదన అంత బలం.

అయినా దారి లేకపోలేదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి చూస్తారు కదా రోజూ. అందులో ప్రతి లావాదేవీకి రెండు అంకెలుంటాయి. మార్కెట్ వాల్యూ ఒకటి, పేరు అలా ఉన్నా అది గవర్నమెంటు వాల్యూయే. కన్సిడరేషన్ వాల్యూ ఒకటి, అంటే ప్రతిఫలం, కొన్నవాడు ఇచ్చినట్టు రాసుకున్న ధర. మనం మొదటిది చూసి, పార్టీల పేర్లు చూసి, పేజీ తిప్పేస్తాం. ఇకమీదట ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చాలా వాటిలో రెండూ ఒకటే ఉంటాయి. కానీ అక్కడక్కడా ప్రతిఫలం తక్కువ, మార్కెట్ వాల్యూ ఎక్కువ ఉన్నవి తగులుతాయి. ఎవరో బ్యాంకు లోను తీసుకున్న ఉద్యోగి అయి ఉంటాడు, ఎన్నారై అయి ఉంటాడు, ఉన్నది ఉన్నట్టు రాయించుకుని, డ్యూటీ మాత్రం ఎక్కువ విలువ మీద కట్టాడు. అలాంటివి ఒక వీధిలో ఏడెనిమిది దొరికితే చాలు, బంగారం లాంటి సాక్ష్యం. ఎవరూ కాదనలేరు, ఎందుకంటే అది వాళ్ళ ఆఫీసు ముద్ర ఉన్న కాగితం.

ఇక రెండోది, పొద్దున్నే పేపర్లో చూసి మడిచి పక్కన పెట్టేసే బ్యాంకు వేలం ప్రకటనలు. అప్పు కట్టనివాళ్ళ తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునే సర్ఫేసీ చట్టం కింద వచ్చేవి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఎవరూ చదవరు. మీరు చదవండి. అందులో ఏముంటుంది? ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులు, స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే అవిభాజ్యపు వాటా ఎన్ని గజాలు, నాలుగు హద్దులు, డోర్ నంబరు, రిజర్వు ధర, ధరావతు. ఆ రిజర్వు ధర బ్యాంకు ఊరికే వేయదు, ఆమోదం పొందిన వాల్యుయర్ ఇచ్చిన రిపోర్టు మీద వేస్తుంది. మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎవరూ పాడలేదనుకోండి, మళ్ళీ ప్రకటన వస్తుంది, ఈసారి 15 రోజులు చాలు. చాలాసార్లు ఆ రెండో ప్రకటనలో రిజర్వు ధర తగ్గుతుంది. అదే ఫ్లాటు, అదే డోర్ నంబరు, ధర తగ్గింది. ఇప్పుడు ఆ డోర్ నంబరుకు గవర్నమెంటు వాల్యూ ఆన్‌లైన్లో చూడండి. రిజర్వు ధర వాల్యూ కంటే తక్కువుండి, అయినా పాడేవాడు లేకపోతే, ఇంకేం కావాలి రుజువు?

ఒక జాగ్రత్త. వేలం ధర మార్కెట్ ధర కాదు. కోర్టు గొడవలుంటాయని, స్వాధీనం ఆలస్యమవుతుందని జనం తక్కువకే పాడతారు. కాబట్టి "వేలంలో 38 లక్షలకు పోయింది, కాబట్టి మార్కెట్ ధర 38" అని రాయకండి. జాయింట్ కలెక్టరు గారు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. ఈసీలో దొరికిన వాటికి తోడుగా మాత్రమే పెట్టండి. ఇంకోటి, ఆ ప్రకటనల్లో బాకీదారుల పేర్లుంటాయి. ఆ పేర్లు మన కాగితంలోకి ఎక్కకూడదు. అప్పు తీర్చలేకపోవడం వాళ్ళ కష్టం, మన అర్జీకి దానితో పనిలేదు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం, గురించి బిల్డర్లు మొహం చిట్లిస్తారని తెలుసు. 500 చదరపు మీటర్ల స్థలం గానీ 8 ఫ్లాట్లు గానీ దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, మూడు నెలలకోసారి ఎన్ని బుక్కయ్యాయో వెబ్‌సైట్లో అప్‌డేట్ చేయాలి. అది శిక్షలాగా చూస్తున్నాం మనం. నిజానికి అమ్ముడుపోని ఫ్లాట్లు ఎన్నున్నాయో చెప్పే నమ్మకమైన లెక్క మన ఊళ్ళో అదొక్కటే. కానీ మనం ఏం చేస్తున్నాం? కొందరు అప్‌డేటే చేయరు. కొందరు, కస్టమరు చూస్తాడు కదా అని, అమ్ముడుపోనివి కూడా బుక్కైనట్టు పెడతారు. తర్వాత ప్రభుత్వం దగ్గరికి వెళ్ళి ఫ్లాట్లు కదలడం లేదు సార్ అంటారు. ఆయన కంప్యూటర్ తిప్పి చూపిస్తారు, మీ ప్రాజెక్టు 90 శాతం బుక్కైంది కదండీ అని. అప్పుడేం చేస్తారు?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొత్త కరెంటు కనెక్షన్లు సెక్షన్ ఆఫీసుల వారీగా ఎన్ని వచ్చాయో విద్యుత్ సంస్థ దగ్గరుంటుంది. ప్లాను అనుమతులు కార్పొరేషన్ దగ్గరుంటాయి. ప్లాను తీసుకున్నవాటిలో ఎన్ని మీటరు దాకా వచ్చాయో చూస్తే ఎక్కడ ఆగిపోతున్నాయో తెలుస్తుంది. సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు ఫీజు, 30 రోజుల గడువు. కానీ ఉన్న రికార్డునే అడగండి. "గత ఐదేళ్ళలో రియల్ ఎస్టేట్ పరిస్థితిని విశ్లేషించి ఇవ్వగలరు" అని రాస్తే ఇవ్వరు, ఇవ్వాల్సిన అవసరం లేదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఫలానా గ్రామంలోని ఆస్తుల అమ్మకపు దస్తావేజుల సంఖ్య. అంతే అడగాలి.

గ్రామం అని ఎందుకన్నాను? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అని ఎందుకనలేదు? ఎనీవేర్ రిజిస్ట్రేషన్ ఉంది కదండీ. పటమటలో ఉన్న ఫ్లాటు గాంధీనగర్ ఆఫీసులో రిజిస్టరు చేయించవచ్చు. ఎక్కడ స్లాటు దొరికితే అక్కడికి వెళ్తాం. కాబట్టి పటమట ఆఫీసులో దస్తావేజులు తగ్గాయి అంటే పటమటలో అమ్మకాలు తగ్గినట్టు కాదు. ఆస్తి ఎక్కడుందో దాన్ని బట్టి అడగాలి. అలాగే మొత్తం దస్తావేజులు అని అడిగితే గిఫ్టులు, పార్టిషన్లు, తాకట్లు, జీపీఏలు (అధికార పత్రాలు) అన్నీ కలిపి ఇస్తారు. విలువలు పెరగబోతున్నాయి అంటే నాన్నగారు కొడుకు పేరున గిఫ్టు చేసేస్తారు. అది అమ్మకం కాదు కదా!

పెరగబోతున్నాయి అంటే గుర్తొచ్చింది. 2025 జనవరి ఆఖరు రోజుల్లో మన ఆఫీసుల దగ్గర జనం ఎలా ఉన్నారో చూశారు కదా, సర్వర్లు మొరాయించాయి. ఇప్పుడు ఎవరైనా జనవరి అంకె, ఫిబ్రవరి అంకె పక్కపక్కన పెట్టి, విలువలు పెంచారు కాబట్టి అమ్మకాలు పడిపోయాయి అంటే? పడిపోలేదండీ, ఫిబ్రవరిలో జరగాల్సినవి జనవరిలోనే అయిపోయాయి. దీనికి పెద్ద ఉదాహరణ ముంబై. కరోనా ఏడాది 2020లో మహారాష్ట్ర స్టాంపు డ్యూటీని 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించింది, డిసెంబరు 31 దాకా. ఆ డిసెంబరులో ఒక్క ముంబైలోనే 19 వేలకు పైగా రిజిస్ట్రేషన్లు. దాన్ని దేశమంతా బిల్డర్ల సంఘాలు చూపించాయి, చూడండి డ్యూటీ తగ్గిస్తే అమ్మకాలు ఎలా పెరిగాయో అని. పెరిగాయి, నిజమే. కానీ అందులో ఎన్ని కొత్త అమ్మకాలు, ఎన్ని గడువు చూసుకుని ముందుకు జరుపుకున్నవి? ఒక్క నెల అంకె పట్టుకుంటే రెండువైపులా మోసపోతాం. కనీసం ఏడాది ముందు, ఏడాది తర్వాత చూడాలి. అదే నెలను అదే నెలతో పోల్చాలి, ఆషాఢాన్ని మాఘంతో పోల్చకూడదు. ఈ సంగతి మన ఏజెంట్లకు చెప్పాలా?

సగటు గురించి ఒక్క మాట. ఒక కాలనీలో ఐదు అమ్మకాలు. 40 లక్షలు, 42, 45, 48, ఐదోది ఒక విల్లా, 2 కోట్లు. సగటు ఎంత? 75 లక్షలు. ఆ కాలనీలో 75 లక్షల ఇల్లు ఒక్కటైనా ఉందా? లేదు. వరసలో పెట్టి మధ్యది తీయండి, 45 లక్షలు. అది నిజానికి దగ్గర. అధికారులు సగటు చూపిస్తే మీరు మధ్య అంకె చూపించండి. మీకు అనుకూలంగా ఉందని మీరు సగటు చూపించకండి మరి.

అయితే పెద్ద లెక్కలు, జనాభా లెక్కలు పనికిరావా అంటారేమో. మనకున్నది 2011 సెన్సస్. అప్పటికి ఈ రాష్ట్రమే ఇలా లేదు. 2014లో విడిపోయాం. 2022 ఏప్రిల్లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటి కృష్ణా జిల్లా అంకె తెచ్చి ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా గురించి మాట్లాడితే ఎలా? కొత్త సెన్సస్ 2027 మార్చి 1 నాటికి, దానికి ముందు 2026లో ఇళ్ళ లెక్క. అందులో ఖాళీ ఇళ్ళు కూడా రాస్తారు. అది వచ్చాక వాడుకుందాం. రిజర్వ్ బ్యాంకు ఇళ్ళ ధరల సూచీ చాలాకాలం పది నగరాలకే ఉండేది, అందులో హైదరాబాదు కూడా లేదు, ఈమధ్యే చేర్చారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఇళ్ళ ధరల సూచీ రెసిడెక్స్‌లో 50 నగరాలున్నాయి, విజయవాడ, విశాఖ ఉన్నాయి. గుంటూరు లేదు, తిరుపతి లేదు, వరంగల్ లేదు. ఉన్న విజయవాడకు కూడా ఊరంతటికీ కలిపి ఒక అంకె. భవానీపురానికీ బెంజ్ సర్కిల్‌కీ ఒకే అంకె అంటే మన కమిటీ ముందు అది దేనికి పనికొస్తుంది? రాష్ట్రస్థాయిలో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. వీధి దగ్గరికొచ్చేసరికి మన లెక్క మనమే రాసుకోవాలి.

అద్దెల సంగతి చూడండి. మన రాష్ట్రంలో లీజు ఎన్ని నెలలదైనా రిజిస్టరు చేయాలి, అయినా అందరం 11 నెలల అగ్రిమెంటు రాసుకుని రిజిస్టరు చేయించకుండా వదిలేస్తాం. దాంతో అద్దె ఎంతో ఏ ప్రభుత్వ రికార్డులోనూ ఉండదు. మరి ఎక్కడుంది? మీ ఫోన్లలో ఉంది, మీ డైరీల్లో ఉంది. ఈ హాల్లో ఉన్న ఏజెంట్ల డైరీలన్నీ కలిపితే ఈ ఊరి అద్దెల చరిత్ర మొత్తం వచ్చేస్తుంది. వీధి, ఎన్ని బెడ్‌రూములు, ఎంత అడిగారు, ఎంతకు కుదిరింది, ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది. ఈ ఐదూ నెలకోసారి ఒక షీటులో వేయండి. పేర్లొద్దు, ఫోన్ నంబర్లొద్దు, డోర్ నంబరు కూడా వద్దు. బిల్డర్లకు ఒక హెచ్చరిక. జరిగిపోయిన అమ్మకాల లెక్క పంచుకోవడం వేరు. వచ్చే నెల నుంచి చదరపు అడుగు ఇంతకంటే తక్కువకు అమ్మొద్దు అని అందరూ కూర్చుని అనుకోవడం వేరు. రెండోది కాంపిటీషన్ చట్టం కింద నేరుగా ఇబ్బంది. ఈ షీటు పేరు చెప్పి ఆ మాటలు మాత్రం మొదలుపెట్టకండి.

ఇక చివరి విషయం, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది. మన అర్జీకి అవతలి వైపు ఎవరున్నారు?

ఊరి చివర విలువలు తగ్గించమని అడుగుతాం మనం. ఆ ఊరి చివర రైతు ఉన్నాడు. 2013 భూసేకరణ చట్టంలో పరిహారం ఎలా కడతారు? రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్ళ దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని వాటి సగటు ఒకటి, ఇలా చూసి ఏది ఎక్కువైతే అది. దానికి ముందు పరిస్థితి వేరు. ఆదిలాబాద్ ఆర్డీవో మీద జవాజీ నాగనాథం వేసిన కేసులో 1994లో సుప్రీంకోర్టు, బేసిక్ వాల్యూ రిజిస్టరును, అంటే రిజిస్ట్రేషన్ విలువల పుస్తకాన్ని, పరిహారానికి ఆధారంగా తీసుకోవడానికి వీల్లేదు అంది. 2013 చట్టం వచ్చాక ఆ విలువకు పరిహారంలో చోటొచ్చింది. అంటే మనం విలువ తగ్గించమని అడిగితే, రేపు బైపాస్ రోడ్డుకు భూమి పోయే రైతుకు తగ్గించమని అడిగినట్టే. మన దస్తావేజుల్లో తక్కువ రాసిన పాపం కూడా అతనికే తగులుతోంది. ఆ రైతు కమిటీ ముందుకొచ్చి మాట్లాడితే మన దగ్గర జవాబుందా?

ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం స్థానిక సంస్థలకు వెళ్ళే డబ్బు. కమిటీలో మున్సిపాలిటీ మనిషి కూర్చుని ఉంటాడు. తగ్గించమంటే ఆయనకెలా ఉంటుంది? అందుకే శాతం తగ్గించమని కాకుండా, తప్పుగా పడ్డ విలువ సరిచేయమని అడగడం తేలిక. మెయిన్ రోడ్డు మీది కమర్షియల్ విలువను లోపలి సందులో ఇళ్ళకు వేశారు, సరిచేయండి. దాన్ని ఎవరూ వ్యతిరేకించరు. పైగా మన రాష్ట్రంలో 2021 నుంచి మున్సిపాలిటీల్లో ఇంటిపన్నును కూడా ఆస్తి మూలధన విలువ మీదే లెక్క కడుతున్నారు. కాబట్టి ఆ సందులో సొంతిల్లున్న రిటైర్డ్ టీచరుకు కూడా ఆ తప్పు విలువ భారమే. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. నలభై మంది బిల్డర్ల సంతకాల కంటే ఆ వీధిలో కాపురముంటున్న నలుగురి సంతకాలు బరువు. మన అర్జీల్లో కొనేవాడు, అద్దెకుండేవాడు ఎక్కడా కనిపించరు. కనిపించాలి.

అలాగే గవర్నమెంటు వాల్యూ అసలు ధరలో సగం కూడా లేని వీధులు మన లెక్కలో తప్పకుండా తేలతాయి. వాటిని దాచాలా? నా ఉద్దేశంలో దాచకూడదు. పదకొండు వీధుల్లో ఎక్కువుంది తగ్గించండి, ఈ ఆరు వీధుల్లో తక్కువుంది మీ ఇష్టం అని రెండూ ఒకే కాగితం మీద పెట్టండి. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి. కానీ అలా ఒక్కసారి చేస్తే, ఆ తర్వాత మీరు తెచ్చిన ఏ అంకెనైనా ఆ ఆఫీసులో నమ్ముతారు. ఒప్పుకోనివాళ్ళుంటే టీ దగ్గర వాదించుకుందాం.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. పైన వార్డు, బ్లాకు, డోర్ నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా. కింద చిన్న పట్టిక. ఇప్పటి విలువ, ఈసీలో దొరికిన ప్రతిఫలాలు, దస్తావేజు నంబర్లు, తేదీలు. దాని కింద మనం కోరే విలువ. "తగ్గించండి" అని కాదు, గజం ఇంత అని అంకె వేయాలి. వెనకాల ఈసీ కాపీలు. "వెన్నెముక", "కుదేలు", "కన్నీళ్ళు" ఇవేవీ వద్దు. ముసాయిదా వచ్చాక మొదలుపెడితే టైము సరిపోదు, కాబట్టి ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. పటమట, గుణదల, నున్న, కంకిపాడు వైపు వాళ్ళు తలా ఒక గ్రూపుగా కూర్చుని, మీ పరిధిలో విలువ ఎక్కువుందని మీరు నమ్ముతున్న వీధుల పేర్లు ఇప్పుడే రాసి ఇవ్వండి. ఈసీలు తీయడం వచ్చే వారం నుంచి మొదలుపెడదాం. తెల్లకాగితాలు ఆ టేబుల్ మీదున్నాయి. ప్రశ్నలుంటే ఈలోగా అడగండి, మైకు అటు పంపిస్తున్నాను.